ఒక్క మాత్ర కోసం: సొవెటో కాన్పుల వార్డు చరిత్ర

జొహన్నెస్‌బర్గ్ నుంచి నైరుతి దిక్కుగా పోచెఫ్‌స్ట్రూమ్ వెళ్లే పాత బాట మీద, ఎడ్లబండ్లు తిరిగే రోజుల్లో, జాన్ ఆల్బర్ట్ బరగ్వనాథ్ అనే ఆయన బాటసారులకు బస, భోజనం ఏర్పాటు చేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వం తన సైనికుల కోసం ఆ చుట్టుపక్కలే ఒక ఆస్పత్రి కట్టించింది. దానికి ఆ పేరే నిలిచింది. యుద్ధం ముగిసింది, సైనికులు వెళ్లిపోయారు. 1948లో ఆ వార్డులు నల్లజాతివారి ఆస్పత్రిగా మారాయి. జాతుల్ని చట్టప్రకారం విడదీసే ప్రభుత్వం దక్షిణాఫ్రికాలో గద్దెనెక్కిందీ ఆ ఏడాదే. రోడ్డుకు అవతల నల్లజాతివారి బస్తీ సొవెటో పెరుగుతూ పోయింది. లక్షలాది జనానికి ఆ ఆస్పత్రే దిక్కయింది. జనం నోట అది ‘బారా’. 1993లో హత్యకు గురైన ఉద్యమ నాయకుడు క్రిస్ హానీ పేరు 1997లో దాని ముందు చేరింది. సుమారు మూడు వేల పడకలున్న ఈ ఆస్పత్రి ప్రపంచంలోని అతి పెద్ద ఆస్పత్రుల్లో ఒకటి.

తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే వైద్యానికి ఆఫ్రికాలో దారి వేసిన చోట్లలో బారా కాన్పుల వార్డు ముఖ్యమైనది. ఆ దారి వేసినవాళ్లలో ఇద్దరి పేర్లు ముందు చెప్పుకోవాలి. ఒకరు పసిపిల్లల డాక్టరు గ్లెండా గ్రే, రెండోవారు కాన్పుల డాక్టరు జేమ్స్ మెకింటైర్. తల్లి ఒకరి చేతిలో, బిడ్డ ఒకరి చేతిలో. ఈ జబ్బుకు ఆ ఇద్దరూ కలిసి పనిచేయక తప్పదు.

గ్రే 1962లో జొహన్నెస్‌బర్గ్‌కు తూర్పున ఉన్న గనుల పట్టణం బోక్స్‌బర్గ్‌లో పుట్టారు. విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ఆమె డాక్టరుగా బయటికి వచ్చేనాటికి ఆ దేశంలో ఆస్పత్రులు కూడా రంగును బట్టే ఉండేవి. జొహన్నెస్‌బర్గ్‌లో తెల్లవారి ఆస్పత్రిలో పడకలు ఖాళీగా ఉంటే, బారాలో రోగులు నేల మీద పడుకునేవారు. 1987లో బారా డాక్టర్లు 101 మంది ఆ దుస్థితిని వివరిస్తూ దక్షిణాఫ్రికా వైద్య పత్రికకు లేఖ రాశారు. అధికారులు దాన్ని ధిక్కారంగా చూశారు. సంతకం చేసినవాళ్లను క్షమాపణ చెప్పమన్నారు, కొందరికి ఉద్యోగాలు నిరాకరించారు. జాతుల విభజన మీద ఆస్పత్రుల్లో సాగిన ఈ పోరులో గ్రే కూడా యువ డాక్టరుగా పాలుపంచుకున్నారు. ఈ నేపథ్యం ముఖ్యం. రోగికి అన్యాయం జరుగుతుంటే నోరు విప్పడం కూడా వైద్యంలో భాగమేనని బారా డాక్టర్లు హెచ్‌ఐవీ రాకముందే నేర్చుకున్నారు.

దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1990 నుంచి ఏటా ప్రభుత్వ కేంద్రాలకు వచ్చే గర్భిణుల రక్తాన్ని, పేర్లు లేకుండా, హెచ్‌ఐవీ కోసం పరీక్షించేది. మొదటి ఏడాది నూటికి ఒక్కరు కూడా లేరు. 1994లో మండేలా అధ్యక్షుడైన ఏడాదికి అది 7.6 శాతం. 1998కి 22.8 శాతం. 2005 నాటికి 30 శాతం దాటింది. ఎనిమిదేళ్లలో నూటికి ఒకరు నుంచి ఐదుగురిలో ఒకరికి పాకిన జబ్బు అది. స్వేచ్ఛ వచ్చిన ఆనందంలో ఉన్న దేశం దాన్ని సరిగా చూడనేలేదు.

అంత వేగానికి కారణాలు దేశ చరిత్రలోనే ఉన్నాయి. బంగారు గనులు మగవాళ్లను ఊళ్ల నుంచి పిలిపించి, ఏడాదిలో ఎక్కువ నెలలు మగవాళ్ల హాస్టళ్లలో ఉంచేవి. భార్యాపిల్లల్ని వెంట తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకునేది కాదు. కుటుంబాలు ముక్కలయ్యాయి. సుఖవ్యాధులకు సరైన వైద్యం లేదు. హెచ్‌ఐవీ ఆ చీలికల గుండా ఇంటికి చేరింది. ఇంట్లో దాన్ని మొదట తెలుసుకునేది తరచుగా ఆడమనిషే, ఎందుకంటే కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్ష చేసేది ఆమెకే. మొదట తెలిసింది కాబట్టి తెచ్చింది కూడా తనే అన్న నింద ఆమె మీద పడేది. 1998 డిసెంబరులో, డర్బన్ శివారు క్వామాషులో గుగు డ్లామిని అనే మహిళ తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పిన కొద్ది రోజులకే దాడిలో ప్రాణాలు కోల్పోయింది. పరీక్ష ఫలితం కాగితాన్ని మడిచి దాచుకున్న ప్రతి గర్భిణికీ ఆ వార్త చేరింది.

బిడ్డకు వైరస్ మూడు విధాలుగా సోకవచ్చు: కడుపులో ఉండగా, కాన్పు సమయంలో, చనుబాల ద్వారా. ఏ వైద్యమూ లేకపోతే, పాలిచ్చే తల్లుల పిల్లల్లో నూటికి 20 నుంచి 45 మందికి సోకుతుంది. ఎక్కువ ముప్పు పురిటి నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడే దాకా. బిడ్డకు సోకిందో లేదో తెలుసుకోవడమూ ఆ రోజుల్లో తేలిక కాదు. తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు బిడ్డలో ఏడాదిన్నర వరకు నిలిచి ఉంటాయి. అందువల్ల మామూలు పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా హెచ్‌ఐవీ ఉన్నట్టే కనిపిస్తుంది. వైరస్‌ను నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష సామాన్యుల ఆస్పత్రికి చేరేదాకా తల్లి పద్దెనిమిది నెలలు అనుమానంతో బతకాల్సిందే. సోకిన పిల్లల్లో చాలామంది అంతకాలం బతికేవారే కాదు.

1994 ఫిబ్రవరిలో మొదటిసారి ఆశ కలిగింది. అమెరికా, ఫ్రాన్స్ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఏజడ్‌టీ మందు ఇచ్చి చేసిన పరిశోధనను మధ్యలోనే ఆపేశారు, ఫలితం అంత స్పష్టంగా ఉంది మరి. మందు లేని తల్లుల పిల్లల్లో 25.5 శాతానికి సోకితే, మందు వాడిన తల్లుల పిల్లల్లో 8.3 శాతానికే సోకింది. అంటే మూడింట రెండు వంతులు తగ్గింది. కానీ ఆ పద్ధతి సొవెటోకు అందేది కాదు. తల్లి నెలల తరబడి రోజుకు ఐదుసార్లు మాత్రలు మింగాలి, కాన్పు సమయంలో సెలైన్‌తో మందు ఎక్కించాలి, బిడ్డకు ఆరు వారాలు సిరప్ పట్టాలి, డబ్బా పాలే ఇవ్వాలి. ఖర్చు ఒక్కో తల్లికి వందల డాలర్లు.

గ్రే, మెకింటైర్ 1996లో బారాలో పెరినేటల్ హెచ్‌ఐవీ పరిశోధన విభాగాన్ని స్థాపించారు. అదే ఆస్పత్రిలో, అదే జనం మధ్య, అక్కడి తల్లులకు సాధ్యమయ్యే పద్ధతి కనిపెట్టడం దాని లక్ష్యం. పేదదేశాల ఆస్పత్రికి తగిన మందు ఏది? ఎన్ని రోజులు వాడాలి? కాన్పుకు ముందు ఒక్కసారి కూడా పరీక్షకు రాని తల్లి నొప్పులతో నేరుగా వార్డుకు వస్తే ఏం చేయాలి? చనుబాలు ఆపాలా? ఈ ప్రశ్నలకు సంపన్న దేశాల పరిశోధనల్లో జవాబు దొరకదు.

పెట్రా అనే పరిశోధనలో దక్షిణాఫ్రికా, ఉగాండా, టాంజానియా ఆస్పత్రులు కలిశాయి. సొవెటో అందులో ఒక కేంద్రం. ఏజడ్‌టీ, 3టీసీ మందుల్ని కొద్దికాలం వాడి చూశారు. కాన్పుకు నెల రోజుల ముందు నుంచి, కాన్పయ్యాక వారం దాకా వాడిన తల్లుల పిల్లల్లో ఆరు వారాలకు 5.7 శాతానికే సోకింది. మందు లేని వర్గంలో 15.3 శాతానికి. అయితే ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. కాన్పులో కాపాడిన పిల్లల్లో కొందరికి పాల ద్వారా సోకింది. ఈ చేదు పాఠం తర్వాతి పదిహేనేళ్ల వైద్యాన్ని నడిపించింది.

ఆ కాలపు పరిశోధనల మీద పెద్ద వివాదం కూడా నడిచింది. పనిచేసే మందు ఉందని తెలిశాక కూడా కొందరు తల్లులకు ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం న్యాయమా అని 1997లో అమెరికా వైద్య పత్రికలు నిలదీశాయి. మా దేశంలో ఇప్పుడు అందుతున్న వైద్యం ఏమీ లేదు, తక్కువ ఖర్చుతో ఏది పనిచేస్తుందో త్వరగా తేలాలి అని ఆఫ్రికా, థాయ్‌లాండ్ వైద్యులు చాలామంది బదులిచ్చారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. 1998 ఫిబ్రవరిలో బ్యాంకాక్ ఫలితం వచ్చింది: గర్భం చివరి నెలలో, కాన్పులో ఏజడ్‌టీ వాడితే సోకడం 18.9 శాతం నుంచి 9.4 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత ఉత్తుత్తి మాత్రలకు చోటు లేకుండా పోయింది.

మరుసటి ఏడాది ఉగాండా నుంచి ఇంకా పెద్ద వార్త వచ్చింది. నెవిరాపిన్ అనే మందు శరీరంలో చాలాసేపు నిలుస్తుంది, మాయను త్వరగా దాటి బిడ్డను చేరుతుంది. నొప్పులు మొదలయ్యాక తల్లికి 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, పుట్టిన 72 గంటల్లోపు బిడ్డకు కొన్ని చుక్కల సిరప్. అంతే. కంపాలా ములాగో ఆస్పత్రిలో చేసిన ఈ పరిశోధనలో మూడున్నర నెలల వయసుకు ఏజడ్‌టీ వర్గంలో 25.1 శాతం పిల్లలకు సోకితే, నెవిరాపిన్ వర్గంలో 13.1 శాతానికే సోకింది. ఖర్చు నాలుగు డాలర్లు. ఆ మాత్రను మంత్రసాని కూడా ఇవ్వగలదు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలోనే పదకొండు ఆస్పత్రుల్లో, సుమారు 1,300 మంది తల్లులతో చేసిన సెయింట్ పరిశోధనలో కూడా నెవిరాపిన్ దాదాపు అంతే పనిచేసింది. ఆ బృందంలో మెకింటైర్ కూడా ఉన్నారు.

మందు తేలింది. ధర తగ్గింది. అసలు పోరాటం అప్పుడు మొదలైంది.

1998 అక్టోబరులో అప్పటి ఆరోగ్యమంత్రి న్కోసజానా డ్లామిని-జుమా, గర్భిణులకు ప్రభుత్వం ఏజడ్‌టీ ఇవ్వదని ప్రకటించారు. డబ్బు నివారణ ప్రచారానికే ఖర్చుపెడతామన్నారు. ఆ ఏడాది డిసెంబరు 10న కేప్‌టౌన్‌లో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ పుట్టింది. దాని నాయకుడు జాకీ అక్మత్ తనకు హెచ్‌ఐవీ ఉందని బాహాటంగా చెప్పినవాడు. ఆ సంస్థ మొట్టమొదటి డిమాండు గర్భిణులకు మందు. 1999 జనవరిలో పశ్చిమ కేప్ రాష్ట్రం కేంద్రాన్ని కాదని ఖయెలిత్షా మురికివాడలో గర్భిణులకు ఏజడ్‌టీ ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా చోట్ల డాక్టర్ల చేతులు కట్టేసినట్టే ఉన్నాయి.

1999లో అధ్యక్షుడైన థాబో ఎంబెకీ ఇంకో అడుగు వేశారు. ఏజడ్‌టీ విషపూరితమని అక్టోబరులో పార్లమెంటులో అన్నారు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీయే కారణమా అని సందేహించే కొద్దిమంది విదేశీయుల్ని పిలిపించి సలహా సంఘంలో కూర్చోబెట్టారు. కొత్త ఆరోగ్యమంత్రి మాంటో షబలాలా-మ్సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని చెప్పారు. 2000 జులైలో డర్బన్‌లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగే ముందు, ఐదు వేలమందికి పైగా శాస్త్రవేత్తలు హెచ్‌ఐవీయే ఎయిడ్స్‌కు కారణమని సంతకాలు చేసి ప్రకటన విడుదల చేయాల్సి వచ్చింది. సదస్సు ప్రారంభ సభలో పదకొండేళ్ల న్కోసి జాన్సన్ మాట్లాడాడు. తల్లి నుంచి సోకిన పిల్లవాడు. గర్భిణులకు ఏజడ్‌టీ ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాడు. 2001 జూన్ 1న చనిపోయాడు.

ఆ రోజుల్లో ప్రభుత్వ డాక్టరు నోరెత్తడానికి ఎంత ధైర్యం కావాలో రెండు ఉదాహరణలు చాలు. ఈస్ట్ లండన్‌లో పనిచేసిన కోస్టా గాజీ అనే సీనియర్ డాక్టరు గర్భిణులకు ఏజడ్‌టీ నిరాకరించినందుకు మంత్రిని పత్రికల్లో తీవ్రంగా విమర్శించి, శాఖాపరమైన విచారణనూ జరిమానానూ ఎదుర్కొన్నారు. మ్పుమలంగా రాష్ట్రంలో అత్యాచార బాధితులకు మందు ఇవ్వడానికి ఒక స్వచ్ఛంద సంస్థకు ఆస్పత్రిలో చోటిచ్చినందుకు సూపరింటెండెంటును ఉద్యోగం నుంచి తొలగించారు. బారాలో గ్రే, మెకింటైర్ పరిశోధన విభాగాన్ని ఆసరా చేసుకుని తల్లులకు మందు ఇస్తూనే, ప్రభుత్వ విధానం తప్పని బహిరంగంగా చెబుతూ వచ్చారు.

మందు తయారు చేసే జర్మన్ కంపెనీ బోరింగర్ ఇంగెల్‌హైమ్ 2000 జులైలో నెవిరాపిన్‌ను పేద దేశాలకు ఐదేళ్లు ఉచితంగా ఇస్తానంది. అదే ఏడాది సెప్టెంబరులో బ్రసెల్స్‌లో, మన దేశపు సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ కూడా తల్లుల కోసం నెవిరాపిన్ ఉచితంగా ఇస్తానని ప్రకటించారు. ఇక ఖర్చు అన్న మాటకు తావులేదు. అయినా దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండేసి చొప్పున 18 ప్రయోగ కేంద్రాలకే మందును పరిమితం చేసింది. ఆ కేంద్రాల వెలుపల ఉన్న ప్రభుత్వ డాక్టరు, తన ముందు నొప్పులు పడుతున్న తల్లికి, పనిచేస్తుందని తనకు తెలిసిన మాత్రను రాసివ్వకూడదు. అదే మందు డబ్బున్నవాళ్లకు ప్రైవేటు ఆస్పత్రిలో దొరుకుతుంది.

2001 ఆగస్టు 21న ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్, పిల్లల డాక్టరు హరూన్ సలూజీ, ఒక బాలల హక్కుల సంస్థ కలిసి ప్రిటోరియా హైకోర్టులో కేసు వేశారు. దేశం నలుమూలల నుంచి డాక్టర్లు, నర్సులు, తల్లులు ప్రమాణపత్రాలు ఇచ్చారు. తమ వార్డుల్లో ఏం జరుగుతోందో తేదీలతో సహా రాశారు. డిసెంబరు 14న న్యాయమూర్తి క్రిస్ బోథా వారికి అనుకూలంగా తీర్పిచ్చారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా తేల్చింది: వైద్యం అందుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది, మందును కొన్ని కేంద్రాలకే పరిమితం చేయడం అసమంజసం, ఆంక్షల్ని ఆలస్యం లేకుండా ఎత్తేయాలి, డాక్టరు అవసరమనుకున్న ప్రభుత్వ ఆస్పత్రుల్లో నెవిరాపిన్ ఇవ్వాలి. ప్రపంచంలో ఆరోగ్య హక్కు గురించి చదివే ప్రతి విద్యార్థికీ ఇవాళ ఈ తీర్పు పాఠం. ఆ ఏడాదే గ్రే, మెకింటైర్‌లకు నెల్సన్ మండేలా పేరిట ఉన్న ఆరోగ్య, మానవ హక్కుల పురస్కారం దక్కింది.

ఆలస్యానికి ఖరీదు ఎంత? హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క కట్టారు. 2000 నుంచి 2005 వరకు మందులు ఇవ్వకుండా సాగదీసినందువల్ల 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని, సుమారు 35,000 మంది పిల్లలు నివారించగలిగిన హెచ్‌ఐవీతో పుట్టారని వాళ్ల అంచనా. వెనకబాటుతనం వల్లో, కరవు వల్లో జరిగిన నష్టం కాదిది. పనిచేసే మాత్ర ఉచితంగా దొరుకుతున్నప్పుడు జరిగిన నష్టం.

కోర్టు గెలుపుతో డాక్టరు పని సగమే అయింది. ఒక్క మాత్ర వాడిన తల్లుల్లో కొందరిలో వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారైంది. తర్వాత వాళ్లకు జీవితకాల చికిత్స అవసరమైనప్పుడు అది అడ్డు రావచ్చు. బిడ్డను కాపాడి తల్లిని వదిలేసే వైద్యం ఎంతకాలం? ఈ ప్రశ్న బారాలోనూ ఇతర చోట్లా గట్టిగా వినిపించింది. తల్లి బతకకపోతే బిడ్డ బతికే అవకాశమూ తగ్గుతుందని పిల్లల డాక్టర్లకు అనుభవం చెబుతూనే ఉంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2004లో హెచ్‌ఐవీ చికిత్స మొదలైంది. 2008లో గర్భిణులకు నెవిరాపిన్‌తో పాటు ఏజడ్‌టీ చేర్చారు.

పాల సమస్య ఇంకా చిక్కు. నైరోబీ పరిశోధనలో రెండేళ్ల వయసుకు చనుబాలు తాగిన పిల్లల్లో 36.7 శాతానికి, డబ్బా పాలు తాగిన పిల్లల్లో 20.5 శాతానికి సోకింది. అలాగని డబ్బా పాలు జవాబు కాలేదు. మంచినీళ్లు లేని ఇంట్లో సీసా పాలు విరేచనాలు, న్యుమోనియా తెస్తాయి. సొవెటోలో చేతిలో పాలడబ్బా కనిపిస్తే ఇరుగుపొరుగుకు విషయం తెలిసిపోతుంది. అత్తగారు అడుగుతుంది, చనుబాలు ఎందుకివ్వడం లేదని. భయపడిన తల్లి పగలు డబ్బా పాలు, రాత్రి తన పాలు ఇస్తుంది. ఆ రెండూ కలపడమే ఎక్కువ ప్రమాదమని డర్బన్‌లో అన్నా కుట్సౌడిస్ బృందం 1999లో చూపించింది. ఆరు నెలలు చనుబాలు మాత్రమే ఇస్తే ముప్పు తక్కువ. తల్లి మందులు వాడుతుంటే ఇంకా తక్కువ. 2011లో దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత డబ్బా పాల పంపిణీకి స్వస్తి చెప్పి, అందరు తల్లులకూ చనుబాలే అని నిర్ణయించింది.

సోకిన పిల్లల విషయంలో కూడా బారా దారి చూపింది. గ్రే సహచరురాలు ఏవీ వియోలరి, కేప్‌టౌన్ డాక్టరు మార్క్ కాటన్ నడిపిన చెర్ పరిశోధన 2008లో వెలువడింది. అప్పటిదాకా పసిబిడ్డ జబ్బు పడ్డాకే మందు మొదలుపెట్టేవారు. రోగలక్షణాలు రాకముందే, ఏడో వారం నాటికే మందు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయి: ఆగి ఇచ్చిన వర్గంలో నూటికి 16 మంది చనిపోతే, వెంటనే ఇచ్చిన వర్గంలో నలుగురు. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, సోకిన ప్రతి పసిబిడ్డకూ వెంటనే మందు ఇవ్వాలని నియమాలు మార్చింది.

మందు ఒక్కటే సరిపోదు, పక్కన మనిషి కావాలి. 2001లో కేప్‌టౌన్‌లో అమెరికన్ కాన్పుల డాక్టరు మిచ్ బెసర్ మొదలుపెట్టిన ‘మదర్స్ టు మదర్స్’ ఈ లోటు పూడ్చింది. హెచ్‌ఐవీతోనే కాన్పయి, ఆరోగ్యమైన బిడ్డను ఎత్తుకున్న తల్లులకే జీతమిచ్చి, కొత్తగా తెలిసిన గర్భిణులకు తోడుగా కూర్చోబెట్టారు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, భర్తకు ఎలా చెప్పాలి, అత్తగారికి ఏం చెప్పాలి అన్నవి డాక్టరు కంటే వాళ్లే బాగా చెప్పగలిగారు. ఈ పద్ధతి తర్వాత ఆఫ్రికాలో అనేక దేశాలకు పాకింది.

2008లో ఎంబెకీ గద్దె దిగాక దేశం దిశ మార్చుకుంది. 2009 డిసెంబరు 1న అధ్యక్షుడు జేకబ్ జుమా కొత్త విధానం ప్రకటించారు. మరుసటి ఏప్రిల్ నుంచి గర్భిణులకు 14వ వారం నుంచే మందు, సోకిన ఏడాదిలోపు పిల్లలందరికీ చికిత్స. 2015 నుంచి ప్రతి హెచ్‌ఐవీ గర్భిణికీ, ఆమె రోగనిరోధక శక్తి ఎంతున్నా సరే, జీవితాంతం మందు. ఈ చివరి పద్ధతిని మొదట 2011లో ఆచరణలో పెట్టింది పేద దేశమైన మలావీ. ఫలితం అంకెల్లో ఉంది. ఒకప్పుడు పాతిక శాతం దాకా ఉన్న సంక్రమణ, దేశవ్యాప్త సర్వేలో నెల నుంచి రెండు నెలల పిల్లల్లో 2010కి 3.5 శాతానికి, 2011కి 2.7 శాతానికి పడింది. ఇప్పుడు పుట్టగానే చేసే పరీక్షలో సోకినట్టు తేలే పిల్లలు నూటికి ఒకరి చుట్టుపక్కలే.

గ్రే 2014లో దక్షిణాఫ్రికా వైద్య పరిశోధన మండలికి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమె. హెచ్‌ఐవీ టీకా కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. 5,400 మంది వాలంటీర్లతో ఆమె నడిపిన పెద్ద టీకా పరిశోధన 2020 ఫిబ్రవరిలో ఫలితం లేక ఆగిపోయింది. మరుసటి ఏడాదే కొవిడ్ టీకాను సుమారు ఐదు లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి చేర్చిన సిసోంకే కార్యక్రమానికి ముందు నిలిచారు. 2020లో లాక్‌డౌన్ నిబంధనలు కొన్ని అశాస్త్రీయమని బాహాటంగా అన్నప్పుడు ఆమె మీద విచారణ జరపాలన్న ఒత్తిడి వచ్చింది. చివరికి మండలి ఆమె తప్పేమీ చేయలేదని తేల్చింది. అధికారంలో ఎవరున్నా తనకు తెలిసింది చెప్పడం ఆమెకు బారా రోజుల నుంచీ ఉన్న అలవాటే.

ఈ చరిత్రకు తెలుగు నేలతో గట్టి ముడి ఉంది. 2017 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా, కెన్యా తదితర దేశాల కోసం కుదిరిన ఒప్పందంలో, డొలుటెగ్రవిర్‌తో కూడిన మూడు మందుల మాత్రను మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చినవి మైలాన్, అరబిందో. అరబిందో హైదరాబాద్ కంపెనీ. మైలాన్ భారత విభాగం కూడా హైదరాబాద్‌లోని మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్ నుంచి ఎదిగిందే. మరుసటి ఏడాది బోట్స్వానా నుంచి, ఈ మందు వాడుతూ గర్భం దాల్చినవారి పిల్లల్లో వెన్నుపాము లోపాలు ఎక్కువగా కనిపించాయని సందేహం వచ్చింది. చాలా దేశాల్లో పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు దాన్ని ఇవ్వడానికి వెనకాడారు. మరిన్ని కాన్పుల వివరాలు చేరాక ముప్పు మొదట అనుకున్నదానికంటే చాలా తక్కువని తేలింది. 2019 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులతో సహా అందరికీ దాన్నే సిఫారసు చేసింది. కొత్త మందు ఆడవాళ్లకు అందరికంటే చివర చేరడం ఈ మందు విషయంలోనూ కనిపించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకప్పుడు దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. మన దేశంలో తల్లీబిడ్డల కార్యక్రమం 2002లో నెవిరాపిన్‌తోనే మొదలైంది. గర్భిణులకు మూడు మందుల చికిత్సను 2012లో మొదట అమలు చేసిన రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. 2014 జనవరి నుంచి దేశమంతటా అమలైంది. దక్షిణాఫ్రికాలో కోర్టుకెక్కి సాధించుకున్నది ఇక్కడ మన ఏరియా ఆస్పత్రిలో అడగకుండానే అందుతోంది.

అయినా ఒక మెలిక మిగిలింది. గర్భం మొదట్లో పరీక్షలో హెచ్‌ఐవీ లేదని తేలిన తల్లికి, తర్వాత నెలల్లోనో, పాలిచ్చే రోజుల్లోనో భర్త నుంచి సోకితే వైరస్ ఆమె రక్తంలో అప్పుడే విపరీతంగా ఉంటుంది. బిడ్డకు ముప్పు ఎక్కువ. దక్షిణాఫ్రికాలో ఇప్పుడు పిల్లలకు సోకుతున్న కేసుల్లో పెద్ద భాగం ఇలాంటివే, లేదా మందు మధ్యలో మానేసిన తల్లులవి. అందుకే అక్కడి డాక్టర్లు పరీక్షను గర్భంలోనూ, పాలిచ్చే కాలంలోనూ మళ్లీ మళ్లీ చేస్తున్నారు.

మన ఇళ్లలోనూ చేయాల్సింది అదే. గర్భం అని తెలిసిన మొదటి నెలల్లోనే ప్రభుత్వ ఆస్పత్రిలోని పరీక్ష కేంద్రంలో ఆమెతో పాటు భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష ఉచితం, మందు ఉచితం. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని, వివక్ష చూపకూడదని 2017 చట్టం చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నా మందులు క్రమంగా వాడే తల్లికి ఆరోగ్యమైన బిడ్డ పుట్టే అవకాశం చాలా ఎక్కువ, ఆ బిడ్డకు ఆమె చనుబాలు ఇవ్వవచ్చు. ఈ సంగతి మీ ఇంట్లో, మీ వీధిలో ఒక్క గర్భిణికైనా చెప్పండి.